సంఘమంతా ఒక్కరి చేతిలోనే ఉంటే ఏం చేయాలి

వచ్చే ఆదివారం కానుకల పాట పాడేటప్పుడు తెర మీద క్యూఆర్ కోడ్ వేస్తారు కదా, దాన్ని మీ ఫోన్‌తో స్కాన్ చేయండి. డబ్బు పంపక్కర్లేదు, ఏ పేరు వస్తుందో చూడండి చాలు. సంఘం పేరు వస్తే మంచిదే. పాస్టరు గారి (మనం అయ్యగారనే) పేరో, ఆయన భార్య అమ్మగారి పేరో, వాళ్ల అబ్బాయి పేరో వస్తే మాత్రం ఇది చివరిదాకా చదవండి. అయ్యగారు దొంగ అని నేననడం లేదు. చాలా చోట్ల సంఘం మొదలైనప్పుడు ఖాతా తెరవడానికి కాగితాలు లేక ఆయన సొంత ఖాతానే వాడారు, అలాగే సాగిపోయింది. కానీ ఏళ్లు గడిచి, రేకుల షెడ్డు పోయి శ్లాబు పడ్డాక కూడా అదే ఖాతా నడుస్తోందంటే, మార్చమని ఎవరూ అడగలేదన్నా అయ్యుండాలి, అడిగినవాళ్లు ఇప్పుడా సంఘంలో లేరన్నా అయ్యుండాలి.

నేను గుంటూరులో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. క్యాష్ కౌంటర్లో మొదలుపెట్టాను, ఆ అలవాటు ఇంకా పోలేదు, ఎవరు నోట్లు లెక్కపెడుతున్నా నా కళ్లు అటే పోతాయి. పుట్టింటివాళ్లు లూథరన్లు. పెళ్లయ్యాక అత్తగారి వెంట ఏ పెద్ద మిషన్ కిందా లేని ఒక స్వతంత్ర సంఘానికి వెళ్లాను, అక్కడ చాలాకాలం లెక్కలు చూశాను. అందుకని రెండు పద్ధతులూ తెలుసు. 1842లో మిషనరీ హెయర్ దొర గుంటూరు వచ్చిన దగ్గర్నుంచి పెరిగిన లూథరన్ సంఘాలు 1927లో ఏఈఎల్‌సీ (ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి) అయ్యాయి. అలాంటి పాత సంఘాల్లో పాస్టరుకు బదిలీ ఉంటుంది, కమిటీకి ఎన్నికలుంటాయి, ఒక నిబంధనల పుస్తకం ఉంటుంది. ఎన్నికల గొడవలు, కోర్టు కేసులు లేవని కాదు, బోలెడు. అయినా కోపం వచ్చినవాడికి చూపించడానికి ఒక పుస్తకం అంటూ ఉంది. స్వతంత్ర సంఘంలో పుస్తకం అయ్యగారే.

దీనికి కారణం ఆయన స్వభావం ఒక్కటే కాదు. ఆ మనిషి సైకిల్ మీద తిరిగి సువార్త చెప్పాడు, అమ్మగారి మెళ్లో గొలుసు తాకట్టు పెట్టి స్థలానికి అడ్వాన్సు ఇచ్చాడు, మొదటి పదిమంది విశ్వాసుల ఇళ్లలో చావులకీ కాన్పులకీ ఆయనే పరిగెత్తాడు. ఇది నేను కట్టిన సంఘం అని ఆయనకు అనిపించడంలో వింతేమీ లేదు. దీన్ని మర్చిపోయి మాట్లాడబోతే మీ మాట మొదటి నిమిషంలోనే పోతుంది.

కఠినంగా ఉండటం వేరు, పెత్తనం వేరు

ఆరాధన తొమ్మిదిన్నరకు అంటే తొమ్మిదిన్నరకే మొదలుపెట్టే పాస్టర్లున్నారు. ప్రసంగంలో ఎవరైనా ఫోన్ చూస్తే మైకులోనే కేకలేస్తారు. కోపిష్టి అనండి, క్రమశిక్షణ అనండి, దాన్ని పెత్తనం అనలేం. పెత్తనం మందిరం గడప దాటి మీ ఇంట్లోకి వస్తుంది. అమ్మాయికి సంబంధం చూస్తే మేనమామ కంటే ముందు ఆయనకు చెప్పాలి. అబ్బాయికి హైదరాబాదులో ఉద్యోగం వస్తే “ప్రార్థన చేశాను, ప్రభువు వద్దంటున్నాడు” అంటారు. బంధువుల సంఘంలో కృతజ్ఞత కూటానికి వెళ్లొస్తే మరుసటి ఆదివారం ప్రసంగమంతా రెండు పడవల మీద కాళ్లు పెట్టేవాళ్ల గురించే నడుస్తుంది. పేరు చెప్పరు. తలలన్నీ మీవైపే తిరుగుతాయి.

నాకు తెలిసిన ఒక సంఘంలో క్వాయర్లో పాడే అమ్మాయి, పిన్ని కూతురి పెళ్లి వేరే సంఘంలో జరిగితే అక్కడొక పాట పాడింది. అనుమతి తీసుకోలేదని ఆ అమ్మాయిని చాలా రోజులు స్టేజీ ఎక్కనివ్వలేదు. అదైనా సహించొచ్చు. ఆ రోజుల్లో తోటి పిల్లలెవరూ ఆమె పక్కన కూర్చోలేదు. కూర్చోవద్దని ఎవరూ చెప్పలేదు కూడా. చెప్పకుండానే అందరికీ తెలిసిపోయిందంటే, ఆ సంఘంలో భయం ఎంత అలవాటైపోయిందో చూడండి.

మీ సంఘం ఎలాంటిదో తెలియాలంటే ఒక చిన్న ‘కాదు’ చెప్పి చూడండి. శనివారం ఉపవాస ప్రార్థనకు ఈసారి రాలేనండి అనండి, కారణం చెప్పకండి. “సరేనమ్మా, ఇంట్లోనే ప్రార్థన చేసుకోండి” అంటే మీ పాస్టరు గారు మంచివారు, ఆయన అరుపులు భరించొచ్చు. సాయంత్రానికల్లా ముగ్గురు నలుగురు ఫోన్ చేసి “ఏంటక్కా, అంతా బాగానే ఉందా, అయ్యగారు అడుగుతున్నారు” అంటే ఒక నోటుబుక్కు కొనుక్కోండి.

ఆ నోటుబుక్కులో తేదీ, చోటు, ఎవరు ఏ మాట అన్నారు, అప్పుడక్కడ ఎవరున్నారు, ఇవి మాత్రమే రాయండి. మీకు ఎంత బాధేసిందో రాయకండి, అది మీకు ఎలాగూ గుర్తుంటుంది. నెలా రెండు నెలలు రాశాక మొత్తం ఒకసారి చదవండి. ఒక్కోసారి అది ఒక్క విషయం చుట్టూ వచ్చిన గొడవే అని తేలిపోతుంది, మనసు తేలికపడుతుంది. ఒక్కోసారి ప్రతివారం ఒకే మనిషి మీద పడుతున్నారని కనిపిస్తుంది.

వాక్యాలు విసిరితే

మీరు నోరు తెరవగానే మీ మీదికి మూడు చోట్ల నుంచి వాక్యం వస్తుంది. ముందే చదువుకుని వెళ్లండి.

మొదటిది 105వ కీర్తన, అభిషేకించినవారిని ముట్టకూడదన్న మాట. ఆ ఒక్క వచనం కాకుండా పైనుంచి చదవండి. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు కొద్దిమందిగా పరాయి దేశాల్లో తిరుగుతుంటే వాళ్లకు హాని చేయొద్దని దేవుడు రాజులను గద్దించిన సందర్భం అది. లెక్క అడగకూడదని అందులో ఎక్కడా లేదు. దావీదు తనను తరుముతున్న సౌలు రాజు మీద చెయ్యి వేయలేదు, నిజమే. కానీ మొదటి సమూయేలు 24లో గుహ బయట నిలబడి, సౌలు చేస్తున్న అన్యాయాన్ని అతని ముఖం మీదే చెప్పాడు. చెప్పాక సౌలు వెంట ఇంటికి వెళ్లలేదు, తన కొండకు తాను వెళ్లాడు.

రెండోది హెబ్రీ 13:17, నాయకులకు లోబడమని. మంచి వాక్యమే. ఆ నాయకులు లెక్క అప్పజెప్పాల్సినవాళ్లని కూడా అదే వచనంలో ఉంది, అక్కడిదాకా చదివేవాళ్లు తక్కువ.

మూడోది మోషే మీద తిరగబడిన కోరహు కథ. సంఖ్యాకాండం 16లో భూమి నోరు తెరిచి మింగిన సంగతి చెప్పి భయపెడతారు. నాకు ఆ అధ్యాయంలో ఎంతో ఇష్టమైనది 15వ వచనం. అంత గొడవ జరుగుతుంటే మోషే, నేను వీళ్ల దగ్గర ఒక్క గాడిదను కూడా తీసుకోలేదు అంటాడు. ఎవరూ రసీదు అడగకముందే లెక్క చెప్పేశాడు! సమూయేలూ అంతే, దిగిపోయే ముందు జనాన్నందరినీ నిలబెట్టి, ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా చెప్పండి అని అడిగాడు.

ఇవన్నీ మీ ధైర్యం కోసం. ఆయన మీద తిరిగి విసరడానికి కాదు. ముఖ్యంగా మూడో యోహాను పత్రికలో సంఘం మీద పెత్తనం కోరుకున్న దియొత్రెఫే పేరు పొరపాటున కూడా ఎత్తకండి. ఎత్తితే ఇక ఆ సంభాషణ అక్కడితో అయిపోయినట్టే.

మాట్లాడటం

మత్తయి 18 ప్రకారం ముందు ఒంటరిగా వెళ్లి చెప్పాలి. మగవాళ్లకు ఇది బాగానే ఉంటుంది. ఆడపిల్లలు, కుర్రాళ్లు, ఒంటరి స్త్రీలు ఒక్కరే వెళ్లొద్దు. ఆయనకు గౌరవం ఉన్న ఒక పెద్ద దంపతులను తీసుకెళ్లండి. వాళ్లు మాట్లాడక్కర్లేదు, కూర్చుంటే చాలు.

ఆదివారం ఆరాధన అయ్యాక అసలు వద్దు. ఆయన అలిసిపోయి ఉంటారు, చుట్టూ జనం ఉంటారు, జనం ముందు ఏ నాయకుడూ తగ్గడు. శనివారం ప్రసంగం తయారీ. మంగళ, బుధవారాల్లో సాయంత్రం ఫోన్ చేసి అడిగి వెళ్లండి. ఒక్క విషయమే తీసుకెళ్లండి. పాతవన్నీ మూటగట్టి తీసుకెళ్తే ఆయన అందులో అన్నింటికంటే బలహీనమైనదాన్ని పట్టుకుని మిమ్మల్ని పంపించేస్తారు.

మాట ఇలా ఉంటే నయం: “అయ్యగారూ, పోయిన ఆదివారం ప్రసంగంలో హైదరాబాదు సంగతి వచ్చింది. అది మా అబ్బాయి గురించేనని మా వీధిలోవాళ్లు కూడా అడిగారు. మా ఇంటి విషయం ఉంటే మీరు ఇంటికొచ్చి చెప్పండి, వింటాం. మైకులో వద్దండీ.” ఇక్కడితో ఆపండి. నిశ్శబ్దం వస్తే మీరు నింపకండి. ఆయన “నేను మీ పేరు చెప్పానా అమ్మా” అంటారు. “చెప్పలేదండి, అయినా అందరికీ తెలిసింది” అనండి. “మీలో వ్యతిరేకాత్మ పనిచేస్తోంది” అంటే దానికి జవాబు చెప్పక్కర్లేదు. “ప్రార్థన చేయండి అయ్యగారూ, మైకు సంగతి మాత్రం గుర్తుంచుకోండి” అని లేవండి.

తర్వాత రెండో మెట్టు, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లడం. ఇక్కడ చాలామంది ఒక వాట్సాప్ గ్రూపు పెడతారు. పెట్టకండి. అందులోని మెసేజి రాత్రికల్లా అయ్యగారి ఫోన్‌లో ఉంటుంది, పంపింది మీరు ఎక్కువగా నమ్మినవాళ్లే అవుతారు. ఎవరింట్లోనో వేరే ప్రార్థన కూటం మొదలుపెట్టినా అంతే, మీరు సంఘాన్ని చీలుస్తున్నారన్న మాట నిజమైపోతుంది.

డబ్బు, అసలు చిక్కుముడి

నన్నడిగితే లెక్కలు చూపించండి అని మొదలుపెట్టడం తెలివి తక్కువ పని. పాస్టరు గారికి నెలకు ఇంత జీతం అని నిర్ణయిద్దాం అని మొదలుపెట్టండి.

ఎందుకంటే జీతం లేని పాస్టరు కవర్ల మీద బతుకుతాడు. పుట్టినరోజుకు ఒక కవరు, గృహప్రవేశానికి ఒక కవరు, బల్ల ఆరాధన రోజు చేతిలో పెట్టేది ఇంకోటి. ఈ నెల ఎవరింట్లో ఏ శుభకార్యముందో, ఎవరు అలిగారో, ఎవరు పక్క సంఘం వైపు చూస్తున్నారో ఆయన కనిపెట్టి ఉండకపోతే పిల్లల ఫీజు కట్టలేడు. విశ్వాసి పోతే ఆయనకు ఆదాయం పోతుంది. పెత్తనంలో సగం అక్కడే పుడుతుందని నా అనుభవం. జీతం, ఇంటద్దె, ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా, ఈ మూడూ సంఘం ఖాతాలోంచి ప్రతి నెలా ఒకటో తేదీన వెళ్తే ఆయనకూ కాస్త ఊపిరాడుతుంది. జీతం ఇవ్వాలంటే సంఘానికి ఖాతా కావాలి, ఖాతా కావాలంటే కమిటీ తీర్మానం కావాలి, చెక్కు మీద ఇద్దరి సంతకం కావాలి. మీరు అడగాలనుకున్నవన్నీ ఆయనకు మేలు చేసే దారిలోనే వచ్చేస్తాయి.

ఆదివారం కానుకల పద్ధతి నేను చెప్పేది ఇది. ఒకరికొకరు చుట్టాలు కాని ఇద్దరు, అందరికీ కనిపించే బల్ల దగ్గర, ఆ రోజే, ఇళ్లకు వెళ్లకముందే లెక్కపెట్టాలి. ఐదువందలవి ఎన్ని, రెండువందలవి ఎన్ని, చిల్లర ఎంత అని చీటీ మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. సోమవారం మొత్తం బ్యాంకులో వేసి, కౌంటర్‌ఫాయిల్ ఆ చీటీకి పిన్ను కొట్టాలి. బ్యాంకుకు వెళ్లకముందు ఆ సంచిలోంచి ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకూడదు. “కీబోర్డు రిపేరుకు రెండు వేలు ఇందులోంచి ఇచ్చెయ్యమ్మా” అన్న దగ్గరే లెక్క తప్పుతుంది, ఆ మనిషి ఎంత నిజాయితీపరుడైనా సరే. చిల్లర ఖర్చులకు వేరే చిన్న మొత్తం పెట్టుకోండి. నెలాఖరున వచ్చింది ఇంత, పోయింది ఇంత అని ఒక కాగితం నోటీసు బోర్డు మీద అంటించండి. ఎవరెంత ఇచ్చారో మాత్రం అంటించకండి, మైకులో చదవకండి.

పౌలు కూడా చందా డబ్బు ఒంటరిగా మోయలేదు. తన మీద నింద రాకుండా సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి వెంట తీసుకెళ్లాడు, రెండో కొరింథీ 8లో ఉంది. అయ్యగారికి వాక్యమే కావాలంటే ఇది చూపించండి.

కాగితాలు

మీ సంఘం సొసైటీయా, ట్రస్టా, ఏదీ కాదా తెలుసుకోండి. సొసైటీ అయితే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కిందకు వస్తుంది. కనీసం 7 మంది సభ్యులుండాలి, ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి, కమిటీ జాబితా రిజిస్ట్రారుకు పంపాలి. ఆ 7 పేర్లలో 5 ఒకే ఇంటిపేరుతో ఉంటే మీకు విషయం అర్థమవుతుంది. ట్రస్టు అయితే దస్తావేజు చూపించమని అడగండి, ట్రస్టీలు ఎవరో అందులో ఉంటుంది. మందిరం స్థలం ఎవరి పేరున ఉందో తెలియాలంటే ఎవరినీ అడగక్కర్లేదు. సర్వే నంబరో దస్తావేజు నంబరో తెలిస్తే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులోనో మీసేవలోనో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీసుకోవచ్చు. మందిర నిర్మాణానికి చందా రాసే ముందు ఈసీ చూడండి, తర్వాత కాదు.

సొసైటీలో తగాదా వస్తే ఆ చట్టంలోని 23వ సెక్షన్ కింద జిల్లా కోర్టుకు వెళ్లే దారి ఉంది. నేను మాత్రం దాన్ని ఆఖరున పెట్టుకుంటాను. కోర్టు నుంచి సంఘాలు బాగుపడి వచ్చిన సందర్భాలు నేను చూసినవి తక్కువ, ఎక్కువసార్లు తాళం పడింది.

ఇంకో కాగితం గురించి మన దగ్గర ఎవరూ పైకి మాట్లాడరు: బాప్తిస్మపు రిజిస్టరు. ఎస్సీ సర్టిఫికెట్టు మీద ఉద్యోగం చేస్తున్నవాళ్లకు, మతం మారితే బీసీ-సీ కిందకు వస్తారన్న సంగతి తెలుసు. మతం మారిన రుజువు ఆ రిజిస్టరే. అది చేతిలో ఉన్న మనిషి దాన్ని గుర్తు చేస్తూ మాట్లాడితే అది బెదిరింపే. ఇలాంటిదుంటే సంఘ పెద్దల దగ్గరికి కాదు, ముందు లాయరు దగ్గరికి వెళ్లండి.

ఇక్కడ మాత్రం ఆగొద్దు

పిల్లల మీద గానీ, స్త్రీల మీద గానీ చెయ్యి వేసిన విషయమైతే పైన చెప్పిన మెట్లేవీ వర్తించవు. ఒంటరిగా వెళ్లి మాట్లాడటాలు, పెద్దల సమక్షంలో క్షమాపణలు, ప్రార్థనతో సర్దుబాట్లు వద్దు. పిల్లలకు 1098, స్త్రీలకు 181, పోలీసులకు 112. పిల్లల మీద లైంగిక నేరాల విషయంలో 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసీ చెప్పకపోవడం కూడా నేరమే, అది కప్పిపుచ్చిన సంఘ పెద్దకూ వర్తిస్తుంది. “సంఘం పరువు పోతుంది” అనేవాళ్లకు మత్తయి 18నే చూపించండి. సహోదరుడితో ఒంటరిగా మాట్లాడమన్న మాట కంటే ముందు, 6వ వచనంలో, చిన్నవాళ్లను తప్పుదారి పట్టించేవాడి మెడకు తిరగటి రాయి కట్టి సముద్రంలో ముంచడమే మేలన్న సంగతి ఉంది.

సహాయ పాస్టరుగా ఉన్నవాళ్లకు

మీ పరిస్థితి విశ్వాసుల కంటే కష్టం. ఉండే గది ఆయనది, బండి ఆయనది, మీ పెళ్లి చేసింది ఆయనే, ‘ఆత్మీయ తండ్రి’ అని స్టేజీ మీద మీ చేతే పిలిపించుకున్నారు. కొత్తగా చేరబోతుంటే మీ పని, జీతం, సెలవు రోజు, ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తే ఎంత గడువు, ఇవన్నీ ఒక కాగితం మీద అడగండి. సేవకు కాగితమేంటి అంటారు. అడగండి. ఇప్పటికే ఉన్నవాళ్లైతే గొడవకు ముందు అద్దె ఇల్లు, మూడు నెలల ఖర్చు చూసుకోండి. వేదపాఠశాల సర్టిఫికెట్టు, అభిషేకపు పత్రం అసలు కాపీలు మీ దగ్గరే ఉంచుకోండి, ‘ఆఫీసులో భద్రంగా’ వద్దు.

వెళ్లిపోవాల్సి వస్తే

కొన్ని చోట్ల ఏం చేసినా మారదు. ఆయన తర్వాత కుర్చీ అబ్బాయికేనని ఇప్పటికే ఫ్లెక్సీ వేసేసి ఉంటారు. అలాంటప్పుడు ఉండి రోజూ కుమిలేకంటే వెళ్లడమే నయం. వెళ్లేముందు బాప్తిస్మపు పత్రం, పెళ్లి సర్టిఫికెట్టు నకళ్లు తీసుకోండి, గొడవయ్యాక అడిగితే రిజిస్టరు కనపడదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే సమాధి స్థలం సంగతి ముందే కనుక్కోండి, ఎవరి అనుమతి కావాలో, ఎవరు ప్రార్థన చేస్తారో. చావింట్లో ఆ బేరాలు పడలేం. పిల్ల పెళ్లి దగ్గర్లో ఉంటే 1872 నాటి క్రైస్తవ వివాహాల చట్టం కింద పెళ్లి చేసే అధికారం ఉన్న పాస్టరును ముందే మాట్లాడుకోండి. అదీ కుదరకపోతే 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది, దానికి 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి.

ఉత్తరం మూడు వాక్యాలు చాలు. ఫలానా ఆదివారం నుంచి మేము ఈ సంఘంలో సభ్యులం కాము, మీరు చేసిన పరిచర్యకు కృతజ్ఞతలు, మా పేర్లు జాబితాలోంచి తీసేయండి. కారణాలు రాయకండి, రాస్తే వచ్చే ఆదివారం వాటి మీదే ప్రసంగం. మీ దగ్గరున్న లెక్కల పుస్తకం, తాళాలు, సండే స్కూలు సామాను ఇద్దరి ముందు అప్పజెప్పి సంతకం తీసుకోండి. “శాపం తగులుతుంది” అని కబురు వస్తుంది. పిల్లలకు ముందే చెప్పి ఉంచండి, జ్వరం వస్తే అది జ్వరమే అని.

కొత్త సంఘంలో వెంటనే పని ఒప్పుకోకండి. కొన్నాళ్లు వెనక వరసలో కూర్చోండి. ప్రసంగం బాగుందా అని కాదు, ట్రెజరర్ ఎవరు, పాస్టరుకు జీతం ఎవరు నిర్ణయిస్తారు, పోయినసారి ఆయన సెలవు పెట్టినప్పుడు ఎవరు వాక్యం చెప్పారు, ఇక్కడ్నుంచి వెళ్లిపోయినవాళ్ల గురించి ఎలా మాట్లాడతారు, ఇవి అడగండి. రెండో వారానికే “మీకు మంచి తలాంతుందమ్మా, సండే స్కూలు తీసుకోండి” అంటే, “ఈ ఏడాది కూర్చుని వింటానండి” అని చెప్పండి.